ఉగాది దాకా ఆగితే కొండెక్కే వేళ దాటిపోతుంది

పంచాంగం లెక్కన వసంతం ఉగాదితో వస్తుంది. చైత్ర వైశాఖాలు వసంత రుతువని చిన్నప్పుడు బడిలో కంఠతా పట్టాం. ఆ మాటనే నమ్మి, ఏప్రిల్‌లో ఒక ఆదివారం పలాస నుంచో టెక్కలి నుంచో నలుగురూ కలిసి మహేంద్రగిరి ఎక్కుదామని బయల్దేరితే కొండ మరోలా కనిపిస్తుంది. దారిలో తీరప్రాంతపు ఉద్దానం తోటల్లో అప్పటికే జీడిపళ్లు రాలుతుంటాయి. గెడ్డల్లో నీరు సన్నబడి ఉంటుంది. పొద్దున తొమ్మిదింటికే ఉక్కపోత ఒళ్లు తడిపేస్తుంది. చెట్ల మీద ఆకు పలచబడి నీడ కరువవుతుంది. పుస్తకంలోని వసంతం, కొండ మీది వసంతం ఒకే సమయానికి రావడం లేదన్నమాట. ఈ తీరాన్ని ఆనుకున్న కొండలకు నడకకు తగిన వసంతం మాఘంలో మొదలై ఫాల్గుణం నడుమకు వచ్చేసరికి ముగిసిపోతుందని నా వాదన. తారీఖుల్లో చెప్పాలంటే ఫిబ్రవరి రెండో వారం నుంచి మార్చి మొదటి వారం దాకా, అంటే నాలుగు వారాలు. ఇంత చిన్న గడువు పెట్టడం అతి జాగ్రత్తగా కనిపించవచ్చు. ఎండ, ఆకు, నీరు, నిప్పు, ఎలుగుబంటి, కొండవాసుల పనులు, ఒక్కోటీ తన కాలాన్ని తను నడుపుకుంటాయి. అవన్నీ మనిషికి ఒకేసారి అనుకూలంగా ఉండేది ఆ నాలుగు వారాలే.

ముందు కొండ సంగతి. మహేంద్రగిరి ఎత్తు సుమారు 1,500 మీటర్లు. ఇప్పుడది ఒడిశాలోని గజపతి జిల్లాలో ఉంది. బ్రిటిష్ కాలంలో ఇదంతా మద్రాసు ఆధీనంలోని గంజాం జిల్లా, కొండ మందస జమీందారీ కిందిది. 1936లో ఒరిస్సా విడిగా ఏర్పడ్డాక సరిహద్దు గీత కొండను అటువైపు చేర్చింది. గీత మారినా చూపు మారలేదు. మందస, సోంపేట, పలాస పొలాల్లో నిలబడి చూస్తే అడ్డంగా నిలిచే నీలిగోడ ఇదే. శిఖరం మీద పాండవుల పేర్లతో పిలిచే రాతి గుళ్లున్నాయి. కళింగాన్ని ఏలిన తూర్పు గాంగులు ఈ కొండ మీది గోకర్ణస్వామిని ఇలవేల్పుగా కొలిచి, తామ్రశాసనాల్లో ఆయన్నే తలచుకున్నారు. రాజేంద్ర చోళుడి విజయ శాసనం కూడా ఇక్కడే ఉంది. కొండ మీద పుట్టిన మహేంద్రతనయ నది బారువ దగ్గర సముద్రంలో కలుస్తుంది. 2022లో ఒడిశా ప్రభుత్వం ఈ కొండను జీవవైవిధ్య వారసత్వ ప్రాంతంగా ప్రకటించింది. కాలం ఎంచుకోవడానికి ఇందులో ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సినది ఒకటుంది. ఇంత ఎత్తైన శిఖరం సముద్రానికి పాతిక కిలోమీటర్ల దూరంలోనే ఉంది. సముద్రం మీది తేమగాలి లోతట్టుకు వచ్చి, ఈ గోడకు తగిలి పైకి లేస్తుంది. లేచిన గాలి చల్లబడి మబ్బవుతుంది. అందుకే ఈ కొండ వాతావరణాన్ని అరకుతోనో హిమాలయాలతోనో పోల్చి లెక్క వేస్తే తప్పుతుంది.

వసంతంలో కొండ నడక అనే ఊహ మనకు చాలావరకు చలిదేశాల నుంచి వచ్చింది. నేపాల్‌లో మార్చి, ఏప్రిల్ నెలల్లో రోడోడెండ్రాన్ పూలు విరగబూస్తాయి. అమెరికాలో అపలాచియన్ కాలిబాట మొత్తం నడవాలనుకునేవారు ఎక్కువగా మార్చి, ఏప్రిల్‌లలోనే దక్షిణపు కొస నుంచి బయల్దేరతారు. అక్కడ మంచు కరగడమే వసంతం, మంచు కరిగితేనే దారి తెరుచుకుంటుంది. తూర్పు కనుమల్లో దారి మూసేంత మంచు పడదు. ఇక్కడ దారిని మూసేది ఎండ. కాబట్టి అక్కడివాళ్లు ఎదురుచూసే నెలలోనే మనం నడక ముగించాలి. ఆ కాలపట్టికను తెచ్చి మన కొండకు తగిలించలేం.

దీనికి అందరూ చెప్పే అభ్యంతరం ఒకటుంది. కింద ఎంత ఎండగా ఉన్నా పైన చల్లగానే ఉంటుంది కదా, మే నెలలో వెళ్లడమే సుఖం కదా అంటారు. పైన చల్లదనం నిజమే. ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. మైదానంలో 36 డిగ్రీలుంటే శిఖరం మీద 26, 27 ఉండవచ్చు. కానీ ఆ చల్లదనం పైకి చేరినవాడికే. నడిచేవాడు మొదలుపెట్టేది కొండ అడుగున, 36 డిగ్రీల దగ్గర. ఎక్కే శ్రమకు ఒంట్లో పుట్టే వేడి దానికి తోడవుతుంది. తీరపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. వాతావరణ శాఖ వడగాలిని ప్రకటించడానికి పెట్టుకున్న కొలతలే చూడండి: మైదానానికి 40 డిగ్రీలు, తీరానికి 37, కొండ ప్రాంతానికి 30. తీరంలో మూడు డిగ్రీలు తగ్గించారంటే తేమ చేసే చేటు ఎంతో అర్థమవుతుంది. పైగా మే నెల మధ్యలో సూర్యుడు ఈ ప్రాంతానికి సరిగ్గా నడినెత్తికి వస్తాడు. ఫిబ్రవరి మధ్యలో మిట్టమధ్యాహ్నం కూడా దక్షిణానికి ఒరిగి ఉంటాడు కాబట్టి చెట్టుకు, బండకు, మలుపుకు కాస్తో కూస్తో నీడ ఉంటుంది. టెక్కలి దగ్గర రావివలసలో ఎండల మల్లికార్జునుడు గుడికప్పు లేకుండా ఎండలోనే వెలిసి ఉన్నాడు. అంతటి ఎండను ఓర్చుకోవడం ఆ దేవుడికి చెల్లింది, మనుషుల ఒంటికి చెల్లదు.

ఆకు సంగతి ఇంకా ముఖ్యం. మన పెద్దలు మాఘ ఫాల్గుణాలను శిశిరమన్నారు, ఆకు రాలే కాలమన్నారు. ఈ కొండల్లో అది అక్షరాలా నిజం. ఇక్కడి అడవి చాలావరకు ఆకు రాల్చే అడవి. ఫిబ్రవరి మొదట్లో కొమ్మల మీద ఆకు ఇంకా ఉంటుంది. నెల గడిచేకొద్దీ అది నేలకు చేరుతుంది. మార్చి రెండో సగానికి కొత్త చిగురు పూర్తిగా విచ్చుకోకముందే పాత ఆకు పోయి, కొమ్మలు బోసిగా నిలబడతాయి. ఎండ ముదిరేది, నీడ పోయేది ఒకేసారి. చూడ్డానికి అదీ ఒక అందమే. మోదుగ ఎర్రగా పూస్తుంది, బూరుగ పూలు దారి మీద పరుచుకుంటాయి, సాలచెట్టు లేత చిగురు తొడుగుతుంది. అయితే ఈ అందమంతా ఏప్రిల్ దాకా ఆగదు. మోదుగ, బూరుగ ఫిబ్రవరి చివరికే నిండుగా పూసి ఉంటాయి. పూలు చూడాలనుకునేవాడికీ, నీడ కావాలనుకునేవాడికీ అనుకూలమైన కాలం ఒకటే కావడం మన అదృష్టం.

రాలిన ఆకు ఎక్కడికీ పోదు, దారి మీదే ఎండిపోతుంది. అక్కడి నుంచి నిప్పు కాలం మొదలవుతుంది. వానలు రాకముందే కొండవాలును నరికి తగలబెట్టి పోడు వేసుకోవడం తరతరాల సేద్యం. ఇప్పపూలు ఏరుకోవడానికి చెట్టు కింద చెత్తకు నిప్పు పెట్టి నేల శుభ్రం చేసుకునే అలవాటూ ఉంది. కొండవాసులు ఆ మంటను అదుపులో పెట్టుకోగలరు. గాలి తిరిగితే మాత్రం ఎవరికీ లొంగదు. 2021లో ఒడిశాలోని సిమిలిపాల్ అడవి ఫిబ్రవరి చివర అంటుకుని మార్చిలోనూ రగిలింది. ఇంతకన్నా బాధాకరమైన ఉదాహరణ తమిళనాడుది. 2018 మార్చి 11న తేని జిల్లా కురంగణి కొండల్లో నడకకు వెళ్లిన బృందాలు ఎండుగడ్డి వాలులో కార్చిచ్చుకు చిక్కుకున్నాయి. ఇరవై మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది యువతీ యువకులు, ఉద్యోగాలు చేసుకుంటూ వారాంతంలో కొండకు వెళ్లినవాళ్లు. ఆ తారీఖు చూడండి: మార్చి 11. మార్చి నెలంతా వసంతమే కదా అనేవారికి నేను చెప్పే జవాబు ఇదే. మహేంద్రగిరి పైభాగంలోనూ పచ్చిక బయళ్లున్నాయి. అక్టోబరులో మోకాలెత్తున పచ్చగా ఊగే గడ్డి మార్చికి ఎండి కరకరలాడుతుంది. గడ్డి మంట వాలు మీద మనిషి పరుగును మించి పైకి పాకుతుంది. అందుకే నా గడువును మార్చి రెండో వారానికి పొడిగించలేను. పొగ కనిపిస్తే ఫిబ్రవరిలోనైనా ఆ రోజు నడక మానుకోవాల్సిందే.

ఇక ఎలుగుబంటి. ఉద్దానంలో పుట్టి పెరిగినవారికి దీని గురించి కొత్తగా చెప్పక్కర్లేదు. మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట మండలాల్లో జీడితోటలకు వెళ్లేవారు గుంపుగా, చప్పుడు చేసుకుంటూ వెళ్తారు. 2022 జూన్‌లో వజ్రపుకొత్తూరు మండలం కిడిసింగిలో ఎలుగు దాడి ఒక ప్రాణం తీసింది, మరికొందరు తీవ్రంగా గాయపడ్డారు. ఎలుగుకు తీపి ఇష్టం. మార్చి చివర ఇప్పపూలు రాలతాయి, వెంటనే జీడిపళ్లు, ఆ తర్వాత పనసపళ్లు. అంటే మార్చి చివరి నుంచి జూన్ దాకా దానికి విందు. అది తిరిగేది ఎక్కువగా చీకటి విడిచీ విడవని వేళ, పొద్దు గూకే వేళ. వేసవిలో కొండెక్కమనే సలహా సరిగ్గా ఇక్కడే బెడిసికొడుతుంది. ఎండ తప్పించుకోవాలంటే నాలుగు గంటలకే బయల్దేరండి అంటారు. తోటల గుండా, తుప్పల గుండా కొండ అడుగుకు చేరే ఆ దారిలో తెల్లవారకముందు నడిచేది మనం ఒక్కరమే కాదు. ఎండ నుంచి తప్పించుకుని ఎలుగుకు ఎదురెళ్లినట్టవుతుంది. ఫిబ్రవరిలో ఈ చిక్కు లేదు. సూర్యుడు బాగా పైకి వచ్చాక ఏడింటికి మొదలుపెట్టినా పదకొండు దాకా హాయిగా నడవొచ్చు. ఏ వేళకు బయల్దేరాలో మనమే నిర్ణయించుకోగలిగిన కాలం అది. మే నెలలో ఆ వెసులుబాటు ఉండదు.

ఈ ప్రాంతానికే సంబంధించిన మరో కారణం ఉంది, దాన్ని మెల్లగానైనా చెప్పి తీరాలి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు ఇంటింటి బాధ. పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం 2023 డిసెంబరులో మొదలయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి పైపుల్లో మంచినీరు తెచ్చే పథకమూ అప్పుడే మొదలైంది. ఈ జబ్బుకు ఇదే కారణమని శాస్త్రం ఇంకా తేల్చలేదు. నీరు, నేల, పురుగుమందులు, ఎండలో ఒంట్లో నీరు ఇంకిపోయేంత శ్రమ, ఇలా ఎన్నో అనుమానాలున్నాయి. మధ్య అమెరికాలోని ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల కూలీల్లోనూ ఇలాంటి జబ్బే కనిపించింది, అక్కడ ఎండలో చాకిరీని ముఖ్యమైన అనుమానంగా చూస్తున్నారు. కారణం ఏదైనా, ఒంట్లో నీరు తగ్గడం కిడ్నీకి మంచిది కాదనే విషయంలో ఏ వైద్యుడికీ సందేహం లేదు. ఎండలో కొండెక్కి దిగి, కాళ్లనొప్పులకు మందుల దుకాణంలో నొప్పిమాత్ర కొనుక్కుని వేసుకోవడం మనకు మామూలు. నీరింకిన ఒంట్లో ఆ మాత్రలు కిడ్నీ మీద రెండింతల భారం వేస్తాయి. ఇక్కడి యువకులు సరదాకు చేసే నడకకు ఎండాకాలం ఎంచుకోకూడదని గట్టిగా చెప్పడానికి ఈ ఒక్క కారణం చాలు. చల్లని నెలలో వెళ్లినా దాహం వేయకముందే తాగుతూ ఉండాలి. ఉప్పు వేసిన చోడి అంబలో, పలుచటి మజ్జిగో, ఓఆర్‌ఎస్ నీళ్లో వెంట ఉండాలి. ఇంట్లో కిడ్నీ జబ్బు ఉన్నవారు, బీపీ, షుగరు ఉన్నవారు ముందు డాక్టరును అడిగి కదలాలి.

మరి అంత చల్లదనమే కావాలంటే డిసెంబరు, జనవరి ఉన్నాయిగా అని అడగవచ్చు. ఈ ప్రశ్నకు సగం ఒప్పుకుంటాను. చలికాలం కొండకు చెడ్డకాలం కాదు, ఫిబ్రవరి తర్వాత రెండో స్థానం దానికే ఇస్తాను. వెనకబడింది ఎక్కడంటే పగటి నిడివిలో, పొగమంచులో. డిసెంబరు చివర పగలు పదకొండు గంటలే. ఫిబ్రవరి మధ్యకు పదకొండున్నర, మార్చి మొదటి వారానికి పన్నెండుకు చేరువవుతుంది. 1892లో నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు: అయిదు కిలోమీటర్ల నడకకు గంట, ప్రతి 600 మీటర్ల ఎత్తుకు మరో గంట. పన్నెండు కిలోమీటర్ల దారిలో 1,400 మీటర్లు ఎక్కాలంటే ఆగకుండా నడిచినా దాదాపు అయిదు గంటలు పడుతుంది. విశ్రాంతి, భోజనం, దిగడం కలిపితే దాదాపు పగలంతా పడుతుంది. అటువంటప్పుడు అరగంట వెలుగు చిన్న విషయం కాదు. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున కమ్మే మంచు పొద్దెక్కేదాకా దారి కనబడనివ్వదు. కొత్తవారైతే ఒడిశా వైపు రోడ్డున కొంత ఎత్తు దాకా వాహనంలో వెళ్లి, మిగిలిన దారి నడవడం మంచిది. అదేమీ చిన్నతనం కాదు.

వానలు వెలిసిన శరత్కాలమే మేలని వాదించేవారికి కాళిదాసు తోడున్నాడు. రఘువంశంలో రఘువు దండయాత్రకు బయల్దేరిందీ, కళింగం మీదుగా మహేంద్రం దాకా వచ్చిందీ శరత్తులోనే. అప్పుడు కొండ ఎంత పచ్చగా ఉంటుందో, గెడ్డలు ఎలా ఉరుకుతాయో కాదనలేం. కానీ అక్టోబరు, నవంబరు నెలలు బంగాళాఖాతంలో తుపాన్ల కాలం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాసకు దగ్గర్లోనే తీరం దాటింది. ఒక్క రాత్రిలో ఉద్దానం కొబ్బరి, జీడితోటలు నేలకూలాయి. అదే వానకు గజపతి జిల్లాలో కొండచరియ విరిగిపడి పల్లెజనం చనిపోయారు. పైగా వానలు వెలిసిన వెంటనే మన్యంలో మలేరియా ముదిరే కాలం. సవర భాష కోసం ఈ కొండపల్లెలు తిరిగిన గిడుగు రామమూర్తి పంతులు మలేరియా బారిన పడ్డారు, దానికి వాడిన క్వినైన్ వల్ల ఆయన వినికిడి పోయింది. ఒక భాష కోసం ఆయన అంత మూల్యం చెల్లించారు. ఒక విహారం కోసం మనం చెల్లించనక్కర్లేదు. మాఘానికి దోమ తగ్గుతుంది, తుపాను భయం తీరుతుంది, గెడ్డలో నీరు మాత్రం ఇంకా ఉంటుంది.

మహాశివరాత్రికే వెళ్లడం ఆనవాయితీ కదా, దేవుడు పెట్టిన ముహూర్తాన్ని కాదంటావా అని అడిగేవారికి నా మీద కోపం రాకూడదు. భక్తితో వెళ్లేవారు ఆ రోజే వెళ్లాలి, రెండు రాష్ట్రాల జనం కలిసే ఆ జాతరకు సాటి లేదు. కానీ కొండను చూడాలని, అడవి చప్పుడు వినాలని వెళ్లేవారికి ఆ రెండు మూడు రోజులు తగవు. దారి కిక్కిరిసి ఉంటుంది, నీళ్ల దగ్గర తొక్కిసలాట ఉంటుంది, బహుళ చతుర్దశి కాబట్టి రాత్రి వెన్నెల ఉండదు. ఇంకో చిక్కు కూడా ఉంది. శివరాత్రి 2024లో మార్చి 8న వచ్చింది, 2025లో ఫిబ్రవరి 26న, 2026లో ఫిబ్రవరి 15న. 2027లో మళ్లీ మార్చి 6. అధికమాసం వచ్చినప్పుడల్లా చాంద్రమానం ఇలా ముందుకీ వెనక్కీ జరుగుతుంది. ఎండకు మాత్రం అధికమాసం లేదు, అది సూర్యుణ్ణి బట్టే నడుస్తుంది. అందువల్ల పండుగతో ముడిపెట్టక, తారీఖుతో గడువు పెట్టుకోవడమే క్షేమం. అలాగని నేను సంప్రదాయానికి ఎదురు మాట్లాడుతున్నానని అనుకోవద్దు. వసంత పంచమిని మన పెద్దలు పెట్టింది మాఘ శుద్ధంలో. వసంతోత్సవమైన కాముని పున్నమి ఫాల్గుణంలో. రుతువుల పట్టికలో వసంతం చైత్రానిదే అయినా, వసంతాన్ని పండుగ చేసుకోవడానికి వాళ్లు ఎంచుకున్నది అంతకు ముందున్న రెండు నెలలనే. ఉత్సవానికి బయట తిరగాలి, తిరగడానికి ఒళ్లు సహకరించాలి. ఆ సంగతి వాళ్లకు తెలుసు.

కాలమే మారిపోతున్నప్పుడు ఈ తారీఖులకు అర్థమేముందనేది అన్నిటికన్నా బలమైన ప్రశ్న. 2022 మార్చిలో దేశవ్యాప్తంగా పగటి ఉష్ణోగ్రతల సగటు 1901 నుంచి ఉన్న లెక్కల్లో ఏ మార్చికీ లేనంత ఎక్కువగా నమోదైంది. 2023 ఫిబ్రవరి పగటి వేడిలో అలాంటి రికార్డే పెట్టింది. 2025 ఫిబ్రవరి సగటు ఉష్ణోగ్రతలో మళ్లీ అన్ని ఫిబ్రవరిలనూ దాటింది. ఇవి దేశం మొత్తానికి తీసిన సగటులు, ఉద్దానంలో ఏ రోజు ఎంత ఉంటుందో వీటిని బట్టి చెప్పలేం. కానీ మొగ్గు ఎటో తెలుస్తూనే ఉంది. దీనివల్ల నా వాదన పలచబడదు, మరింత గట్టిపడుతుంది. గడువుకు రెండు కొసలుంటే, వేడెక్కుతున్న లోకంలో అరిగిపోయేది మార్చి వైపు కొస. అనుమానం ఉన్నప్పుడు ముందుకు జరగాలి, వెనక్కి కాదు. మార్చి 5కా, ఫిబ్రవరి 20కా అని తేల్చుకోలేకపోతే ఫిబ్రవరి 20 ఎంచుకోండి. బయల్దేరే ముందు రోజు వాతావరణ శాఖ సూచన చూడండి. మార్చి నుంచి మధ్యాహ్నాలు మబ్బు పట్టి ఉరిమే రోజులు పెరుగుతాయి. పచ్చిక బయలు మీద పిడుగు నుంచి దాక్కునే చోటు ఉండదు.

పిల్లల పరీక్షలు ఈ గడువుకు నిజమైన అడ్డంకి. టెన్త్, ఇంటర్ చదివేవారికి ఫిబ్రవరి, మార్చి నెలలు పుస్తకాల నెలలు. సెలవులు వచ్చేది ఏప్రిల్ చివర. దీనికి నా దగ్గర పూర్తి సమాధానం లేదు, ఉందని నటించను. పరీక్షల ఏడాదికి కొండను పక్కన పెట్టాల్సిందే. చిన్న తరగతుల పిల్లలకు ఫిబ్రవరి రెండో శనివారం, ఆదివారం చాలు. ఆ వయసు వారిని శిఖరం దాకా నడిపించక్కర్లేదు, మందస వైపు కొండ మొదట్లో ఒక గెడ్డ వెంట గంటన్నర నడిపిస్తే చాలు. తిరిగి వచ్చేటప్పుడు టెక్కలి దగ్గర తేలినీలాపురంలో ఆగితే, చెట్ల మీద గూడబాతులు, ఎర్రకాళ్ల కొంగలు ఇంకా ఉంటాయి. ఎండలు ముదిరితే అవి వెళ్లిపోతాయి. వేసవి సెలవుల్లోనే తప్పదనుకుంటే వాహనం వెళ్లేంత ఎత్తు దాకా వెళ్లి రండి, నడక మరో ఏటికి ఉంచండి.

చివరగా, ఆ దారి ఎవరిదో గుర్తుంచుకోవాలి. ఫిబ్రవరిలో కొండ మీద మనుషులుంటారు. కొండచీపుర్లు కోసేవారు, చింతపండు దులిపేవారు, కట్టెలు తెచ్చుకునేవారు పొద్దంతా ఆ బాటల్లోనే తిరుగుతుంటారు. గిరిజన సహకార సంస్థ కొనే సరుకుల్లో ఎన్నో ఆ చేతుల మీదుగా దిగేవే. దారి తప్పినవాడికి అడిగే దిక్కు ఉండే కాలం అది, కాలు బెణికితే కబురు కిందకి చేరే కాలం. ఏప్రిల్ వచ్చేసరికి జీడిపిక్కల ఏరివేత ముమ్మరమై తోటలకు చేతులు చాలవు, మన వెంట రావడానికి ఎవరికీ తీరిక ఉండదు. తోడు వచ్చిన సవర పెద్దకు ఆ రోజు పని పోగొట్టుకున్నందుకు తగ్గకుండా కూలి ఇవ్వండి. అడవి శాఖ అనుమతి అడిగి వెళ్లండి, శిఖరం ఒడిశాది కాబట్టి అక్కడి నియమాలు వర్తిస్తాయి. అగ్గిపెట్టె, సిగరెట్టు కిందనే వదిలిపెట్టండి, ప్లాస్టిక్ సీసా వెనక్కి తెచ్చుకోండి. పలాస, మందస రోడ్డు, సోంపేట మూడూ హౌరా–చెన్నై రైలుమార్గంలో ఉన్న స్టేషన్లే కాబట్టి దూరం నుంచి వచ్చేవారికీ కష్టం లేదు. 2027కి రోజు వెతుక్కుంటున్నవారికి ఒక సూచన: ఆ ఏడు మాఘ పౌర్ణమి ఫిబ్రవరి 20, శనివారం. శివరాత్రి జనం రావడానికి ఇంకా రెండు వారాలుంటుంది, గెడ్డలో నీరుంటుంది, దిగడం ఆలస్యమైనా దారికి వెన్నెల ఉంటుంది.